ఆ తేదీ తర్వాత చేరినవాళ్ళకి మాత్రమే

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం)

నమస్కారం అందరికీ. వెనక వరసలో వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

పెద్దతరం చిన్నతరం గొడవ అనగానే మనకి అలవాటైన మాటలు రెండున్నాయి. ఒకళ్ళేమో ఈకాలం పిల్లలకి కష్టపడటం తెలీదంటారు, ఇంకొకళ్ళేమో మీరు అన్నీ అనుభవించేసి మాకు అప్పులు మిగిల్చారంటారు. ఈ రెండూ మనుషుల స్వభావం గురించిన మాటలు. స్వభావం గురించి రాత్రంతా వాదించుకున్నా ఎవరి జీతం పెరగదు, ఎవరి పెన్షనూ తగ్గదు. అందుకని వాటిని ఇవాళ పక్కన పెట్టేస్తున్నాను. నేను మాట్లాడేది ఒక వాక్యం గురించి. చట్టాల్లో, జీవోల్లో, కంపెనీ ఒప్పందాల్లో ఎక్కడో చివరి పేజీల్లో ఉంటుంది. "ఫలానా తేదీన గానీ, ఆ తర్వాత గానీ చేరినవాళ్ళకి ఇది వర్తిస్తుంది." ఇంతే. మీలో చాలామంది చదివే ఉంటారు, కొంతమంది ఆ తేదీకి అటు ఉండి ఉంటారు, కొంతమంది ఇటు.

తరాల మధ్య డబ్బు గొడవల్లో చాలావరకు ఈ వాక్యం దగ్గరే పుట్టాయని నా నమ్మకం. ఎలాగో చెప్తాను.

ముందు ఒకావిడ సంగతి. అమెరికాలో 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది, అంటే పనిచేసేవాళ్ళ జీతంలోంచి కొంత పట్టుకుని వృద్ధులకి పెన్షన్ ఇచ్చే పథకం. నెలనెలా ఇచ్చే పెన్షన్లో మొట్టమొదటి చెక్కు 1940 జనవరిలో ఐడా మే ఫుల్లర్ అనే ఆవిడకి వెళ్ళింది. లాయర్ ఆఫీసులో సెక్రటరీగా చేసేది. ఆవిడ మూడేళ్ళ పాటు కట్టిన మొత్తం 24 డాలర్ల 75 సెంట్లు. మొదటి చెక్కు ఎంతో తెలుసా? 22 డాలర్ల 54 సెంట్లు. రెండో చెక్కుతో కట్టిన డబ్బంతా వెనక్కొచ్చేసింది. ఆవిడ నూరేళ్ళు బతికింది, 1975లో పోయింది, అప్పటిదాకా అందుకున్నది 22 వేల 888 డాలర్లు.

ఇది విని ఆవిడేదో మోసం చేసింది అనుకుంటారేమో, అస్సలు కాదు. ఆ పథకమే అలా పెట్టారు. అప్పటికి ముసలివాళ్ళైపోయిన వాళ్ళు ఎప్పుడు పొదుపు చేసుకోవాలి? మహా మాంద్యంలో బ్యాంకులు మునిగిపోయాయి, ఉద్యోగాలు పోయాయి, చేతిలో ఏమీ లేదు. వాళ్ళకి ఇవ్వాలంటే ఇవాళ పనిచేసేవాళ్ళ దగ్గర తీసుకుని ఇవాళే ఇవ్వాలి. పనిచేసేవాళ్ళకి ఏం చెప్తాం? మీరు ముసలైనప్పుడు అప్పటి కుర్రాళ్ళు కడతారు అని చెప్తాం. చాలా దేశాల్లో ప్రభుత్వ పెన్షన్లు ఇలాగే నడుస్తాయి. మీ పేరు మీద ఎక్కడా డబ్బు దాచిపెట్టి ఉండదు, మీ పేరు మీద ఒక మాట ఉంటుంది. ఆ మాట నిలబెట్టాల్సినవాళ్ళు ఆ రోజుకి ఇంకా పుట్టి ఉండకపోవచ్చు.

ఇది చెడ్డ ఏర్పాటు అని నేను అనట్లేదు. మంచి ఏర్పాటే, కోట్లమంది ముసలివాళ్ళని చెయ్యి చాచకుండా బతకనిచ్చింది. కాకపోతే దీనికి కట్టేవాళ్ళు కావాలి. అమెరికాలో 1950లో ఒక పెన్షనర్‌కి 16 మందికి పైగా పనిచేసేవాళ్ళుండేవాళ్ళు. ఇప్పుడు ముగ్గురు కూడా లేరు. పిల్లలు తక్కువ పుడుతున్నారు, మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు. ఎక్కువ కాలం బతకడం సంతోషించాల్సిన విషయమేగా? కానీ లెక్క మారిపోయింది. లెక్క మారినప్పుడు ఎవరో ఒకరు తగ్గించుకోవాలి, లేదా ఎవరో ఒకరు ఎక్కువ కట్టాలి. అక్కడ మన వాక్యం వస్తుంది.

1983లో అమెరికాలో ఆ ఫండ్ ఖాళీ అయ్యే దాకా వచ్చింది. రీగన్ ప్రెసిడెంట్, రెండు పార్టీలూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాయి, దాన్ని ఇప్పటికీ గొప్ప రాజీ అని చెప్పుకుంటారు. పూర్తి పెన్షన్ వచ్చే వయసు 65 నుంచి 67కి పెంచారు. ఎవరికి పెంచారు? 1937లోగానీ అంతకుముందుగానీ పుట్టినవాళ్ళకి ఏమీ మారదు. 1938 నుంచి మెల్లగా పెరుగుతుంది. 1960లోగానీ తర్వాతగానీ పుట్టినవాళ్ళందరికీ 67. ఇప్పుడు మీరే లెక్కెయ్యండి. 1983లో, 1960లో పుట్టిన పిల్లవాడి వయసెంత? 23. అదీ అందరికన్నా పెద్దవాడికి. మిగతావాళ్ళు బళ్ళో ఉన్నారు, ఊయల్లో ఉన్నారు, చాలామంది ఇంకా పుట్టలేదు. రెండేళ్ళ పెన్షన్ ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్ళల్లో ఓటున్నవాళ్ళు ఎంతమంది? న్యాయంగా చెప్పాలంటే అప్పటి పెన్షనర్లు కూడా కొంత భరించారు, ఏటా పెరిగే భత్యం ఆరు నెలలు ఆలస్యం చేశారు, డబ్బున్నవాళ్ళ పెన్షన్ మీద పన్ను కూడా వేశారు. కానీ పెద్ద కోత, శాశ్వతమైన కోత, ఆ గదిలో లేనివాళ్ళకి పడింది.

ఎందుకలా చేస్తారు? నాయకులు దుర్మార్గులనా? అంత దూరం వెళ్ళక్కర్లేదు. మీరే ఒక మంత్రి అనుకోండి. ఇప్పటికే ఉన్నవాడికి తగ్గిస్తే రేపు పొద్దున్నే మీ ఇంటి ముందు ధర్నా. వాడికి సంఘం ఉంది, జెండా ఉంది, కోర్టుకెళ్ళే స్తోమత ఉంది, ఓటు ఎటూ ఉంది. ఇంకా చేరనివాడికి తగ్గిస్తే? వాడెవడో వాడికే తెలీదు! పదేళ్ళ తర్వాత ఉద్యోగంలో చేరబోయే పిల్ల ఇవాళ ఐదో తరగతి చదువుతోంది, ఆ పిల్ల ధర్నా చేస్తుందా? గొడవ లేకుండా డబ్బు మిగల్చాలంటే ఇంతకన్నా తేలికైన దారి లేదు. అందుకే దేశం ఏదైనా, పార్టీ ఏదైనా, అందరూ ఇదే దారి పడతారు.

దీనికి తోడు ఓటేసే అలవాటు ఒకటి. జపాన్‌లో 2021 ఎన్నికల్లో 60ల్లో ఉన్నవాళ్ళు 71 శాతం ఓటేశారు, 20ల్లో ఉన్నవాళ్ళు 36 శాతం. అసలే ఆ దేశంలో 65 దాటినవాళ్ళు జనాభాలో దాదాపు 29 శాతం, అందులో వాళ్ళే రెట్టింపు వేస్తే ఏ పార్టీ ఎవరి మాట వింటుంది? అక్కడ దీన్ని సిల్వర్ డెమోక్రసీ అంటారు. కుర్రాళ్ళూ, ఇది మీకు చెప్తున్నాను, ఓటెయ్యకుండా ఇంట్లో కూర్చుంటే మంత్రి ఎదురుగా ఉన్న లెక్క ఇంకా తేలికైపోతుంది.

సరే, మన దేశానికొద్దాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 2004 జనవరి 1. ఆ తేదీ ఇక్కడ చాలామందికి గుండెల్లో రాసుకుని ఉంటుంది. దానికి ముందు చేరినవాళ్ళకి పాత పెన్షన్, చివరి జీతంలో సగం, డీఏ పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది, జీతంలోంచి పైసా కట్టక్కర్లేదు. ఆ తేదీన గానీ తర్వాత గానీ చేరినవాళ్ళకి ఎన్‌పీఎస్, అంటే కొత్త పెన్షన్ పథకం. జీతంలో పదో వంతు కట్టాలి, ప్రభుత్వం కొంత వేస్తుంది, ఆ డబ్బు మార్కెట్లో పెడతారు, చివరికెంతొస్తుందో ఎవరూ మాటివ్వరు. సైన్యాన్ని మాత్రం మినహాయించారు.

ఇప్పుడు ఒకే ఆఫీసులో రెండు కుర్చీలు ఊహించుకోండి. పని ఒకటే, ఫైళ్ళు ఒకటే, తిట్టే ఆఫీసర్ ఒకడే. ఒకాయన 2003 డిసెంబర్‌లో చేరాడు, ఇంకొకాయన 2004 జనవరిలో చేరాడు. ఒకాయన బతికున్నంత కాలం నెలకెంతొస్తుందో ఇవాళే చెప్పగలడు, రెండో ఆయన చెప్పలేడు. ఇంకా నొప్పి కలిగించే సంగతి ఏంటంటే, నోటిఫికేషన్ ముందే పడి, పరీక్ష ముందే రాసి, సెలక్ట్ కూడా అయ్యి, ఆర్డర్ చేతికి రావడం ఆలస్యమై తేదీ దాటిపోయినవాళ్ళున్నారు. తప్పు వాళ్ళది కాదు, ఆఫీసులో ఫైలు కదల్లేదు, అంతే. వాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 2023 మార్చిలో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది, 2003 డిసెంబర్ 22 కన్నా ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరినవాళ్ళు ఒక్కసారి పాత పెన్షన్ కోరుకోవచ్చని. డిసెంబర్ 22 ఎందుకు? ఎన్‌పీఎస్ నోటిఫికేషన్ తేదీ అది. అంటే ఒక తేదీ వల్ల పడ్డ గాయానికి మందు ఇంకో తేదీ. దానికి 19 ఏళ్ళు పట్టింది.

ఈలోగా రాష్ట్రాల్లో ఏమైందో, ఆ తర్వాత కేంద్రం ఏం చేసిందో మీకు తెలుసు. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, హిమాచల్ లాంటి రాష్ట్రాలు పాత పెన్షన్‌కి వెళ్తామని ప్రకటించాయి, ఎన్నికల్లో అదొక పెద్ద అంశం అయిపోయింది, కేంద్రం 2024లో యూపీఎస్ అనే ఏకీకృత పెన్షన్ పథకం ప్రకటించి 2025 ఏప్రిల్ నుంచి అమల్లో పెట్టింది. 25 ఏళ్ళు సర్వీసు చేస్తే చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం ఖాయం అన్నారు. 2004లో చెయ్యెత్తలేని పిల్లలు ఇరవై ఏళ్ళకి సంఘాలు కట్టుకుని, ఓట్లు లెక్కపెట్టి చూపించేసరికి ప్రభుత్వం దిగొచ్చింది. నేను చెప్పే విషయానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ఆర్థిక లెక్కలు మారినందువల్ల కాదు, వాళ్ళు గదిలోకి వచ్చినందువల్ల. 2004లో మినహాయించిన సైన్యానికి 2022లో అగ్నిపథ్ వచ్చింది, నాలుగేళ్ళు సర్వీసు, అందులో నాలుగో వంతు మందినే ఉంచుకుంటారు, మిగతావాళ్ళకి పెన్షన్ లేదు. ఇప్పటికే ఉన్న జవాన్లకి ఏమీ మారలేదు. రోడ్డెక్కిందెవరు? చేరుదామని తెల్లవారుజామున లేచి పరిగెత్తుతున్న పిల్లలు.

పెన్షన్ ఒక్కటే అనుకుంటారేమో, ఉద్యోగంలోనూ ఇదే. స్పెయిన్ చూడండి. అక్కడ పర్మనెంట్ ఉద్యోగిని అన్యాయంగా తీసేస్తే చేసిన ప్రతి ఏడాదికీ 45 రోజుల జీతం ఇవ్వాలి, చాలాకాలం అదే రూల్. నిరుద్యోగం ఎక్కువైంది, కంపెనీలు మేం ఎవర్నీ తీసుకోలేం అన్నాయి. 1984లో ప్రభుత్వం ఏం చేసింది? పాతవాళ్ళ రక్షణ ముట్టుకోలేదు, కొత్తవాళ్ళని టెంపరరీ కాంట్రాక్టు మీద తీసుకోవచ్చని రూల్ సడలించింది. పదేళ్ళు తిరక్కుండా ఉద్యోగుల్లో మూడో వంతు మంది టెంపరరీ. ఆరు నెలలు ఇక్కడ, మూడు నెలలు అక్కడ, మధ్యలో ఖాళీ. 2008లో సంక్షోభం వచ్చినప్పుడు ముందు పోయింది వాళ్ళే, తీసెయ్యడం చవక కాబట్టి. 2013 నాటికి 25 ఏళ్ళ లోపు వాళ్ళలో, పని చేస్తున్నవాళ్ళనీ పని వెతుక్కుంటున్నవాళ్ళనీ కలిపి చూస్తే, సగానికి పైగా నిరుద్యోగులు. 2011 మే నెలలో మాడ్రిడ్ నడిబొడ్డున కుర్రాళ్ళు టెంట్లు వేసుకుని కూర్చున్నారంటే ఊరికే కూర్చోలేదు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని గమనించండి. ఆ టెంపరరీ పిల్లలు ఎక్కడ బతికారు? అమ్మానాన్నల ఇంట్లో. ఆ నాన్న పర్మనెంట్ ఉద్యోగి. రూల్ కొడుకు దగ్గర తీసుకున్నది నాన్న ఇంట్లో అన్నం రూపంలో తిరిగి ఇచ్చాడు. అందుకే గొడవ చాలా ఏళ్ళు బయటికి రాలేదు. ఇంట్లో ప్రేమ ఉంది కాబట్టి చట్టంలో ఉన్న అన్యాయం కనపడలేదు. కానీ అలాంటి నాన్న లేని పిల్లవాడి సంగతేంటి?

బ్రిటన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ రెండు వైపులా ఒకే ఏడాదిలో జరిగింది. 2010లో కొత్త ప్రభుత్వం వచ్చింది, ఖజానా ఖాళీ, పొదుపు చెయ్యాలి అన్నారు. ఆ ఏడాదే పెన్షనర్లకి ట్రిపుల్ లాక్ ప్రకటించారు. అంటే ప్రభుత్వ పెన్షన్ ఏటా మూడింట్లో ఏది ఎక్కువైతే అంత పెరగాలి, ధరల పెరుగుదల గానీ, జీతాల పెరుగుదల గానీ, లేదా రెండున్నర శాతం గానీ. ఆ ఏడాదే డిసెంబర్లో పార్లమెంటులో ఓటేసి ఇంగ్లండ్‌లో యూనివర్సిటీ ఫీజు పరిమితి ఏడాదికి మూడు వేల పౌండ్ల చిల్లర నుంచి తొమ్మిది వేలకి పెంచారు. ఎవరికి? 2012లో చేరేవాళ్ళ నుంచి. 2011లో చేరినవాడికి పాత ఫీజే. అన్నకి మూడు వేలు, ఏడాది తర్వాత చేరిన తమ్ముడికి తొమ్మిది వేలు, క్లాసురూములు అవే, పాఠాలు అవే. ఆ ఓటేసిన ఎంపీల్లో ఎక్కువమంది చదివిన రోజుల్లో అక్కడి పిల్లలకి యూనివర్సిటీలో ఫీజే లేదు, ఫీజు మొదలైంది 1998లో. మళ్ళీ 2023లో ఇంకో తేదీ. ఆ ఏడాది ఆగస్టు నుంచి చేరినవాళ్ళకి లోన్ మాఫీ అయ్యే గడువు 30 ఏళ్ళ నుంచి 40 ఏళ్ళకి పెంచారు. 18 ఏళ్ళకి చేరిన పిల్లకి అప్పు తీరకపోతే 60 దాటేదాకా జీతంలోంచి కట్ అవుతూనే ఉంటుంది.

పెద్దవాళ్ళ వైపు ముట్టుకుంటే ఏమవుతుందో కూడా చూశాం కదా. 2024లో అదే బ్రిటన్లో చలికాలం ఖర్చుకి వృద్ధులందరికీ ఇచ్చే డబ్బుని పేదవాళ్ళకి మాత్రమే అని తగ్గించారు. ఎంత గోల అయిందంటే ఏడాది లోపే, 2025 జూన్‌లో, చాలామందికి తిరిగి ఇచ్చేశారు. ఫీజు మీద కుర్రాళ్ళూ గోల చేశారు, లండన్ వీధులు నిండిపోయాయి, వెనక్కి తగ్గారా? తగ్గలేదు.

ఇల్లు. ఇది వింటే మీకు విషయం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కాలిఫోర్నియాలో 1978లో ప్రజలే ఓటేసి ప్రాపొజిషన్ 13 అని ఒక రూల్ తెచ్చుకున్నారు. ఇంటి పన్ను ఒక శాతం మించకూడదు, అదీ కొన్నప్పటి ధర మీద, ఆ విలువ ఏటా రెండు శాతం కన్నా పెరగకూడదు, ఇల్లు చేతులు మారినప్పుడు మాత్రమే కొత్త ధర లెక్కలోకి వస్తుంది. ఎందుకు తెచ్చారు? ధరలు పెరిగి, పన్ను కట్టలేక ముసలివాళ్ళు సొంతిల్లు అమ్ముకోవాల్సి వస్తోందని. అది నిజమైన బాధే, నేను కాదనను. ఇప్పుడు పదేళ్ళు ముందుకి రండి. 1988లో లాస్ ఏంజెలెస్‌లో ఒకావిడ మొదటిసారి ఇల్లు కొనుక్కుంది, లక్షా డెబ్భై వేల డాలర్లు. ఏడాదికి పన్ను 1,701 డాలర్లు. అదే పేటలో అలాంటి ఇల్లే ఉన్న పాత కాపురస్తులు కట్టేది 358 డాలర్లు. వీధి అదే, చెత్త ఎత్తే బండి అదే, ఫైరింజనూ అదే. పన్ను దాదాపు ఐదు రెట్లు. ఆవిడ సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1992లో తీర్పు వచ్చింది, ఎనిమిది ఒకటి తేడాతో ఆవిడ ఓడిపోయింది. పాత కాపురస్తులు ఆ పన్ను మీద నమ్మకంతో జీవితం కట్టుకున్నారు, కొత్తగా కొనేవాళ్ళు ముందే తెలిసి కొంటున్నారు, ఇష్టం లేకపోతే కొనకపోవచ్చు, కాబట్టి తేడా చూపించొచ్చు అని.

ఆ తర్కం ఒక్కసారి మనసులో పెట్టుకోండి. ఇష్టం లేకపోతే కొనకపోవచ్చు. ఇష్టం లేకపోతే ఆ ఉద్యోగంలో చేరకపోవచ్చు. ఇష్టం లేకపోతే చదువుకోకపోవచ్చు. మరి ఎక్కడ బతకాలి? ఏం చెయ్యాలి? ముందు తరం వాళ్ళకి నమ్మకం అనేది హక్కు అయినప్పుడు, తర్వాత తరానికి అది ఒక సమాచారం మాత్రమే ఎలా అవుతుంది?

కథ అక్కడితో అవ్వలేదు. ఆ తీర్పుకి ముందే, 1986లో ఇంకో సవరణ తెచ్చుకున్నారు, అమ్మానాన్నల ఇల్లు పిల్లలకొస్తే ఆ తక్కువ పన్ను కూడా వాళ్ళకే వస్తుందని. అంటే ఏమైంది? మొదట పెద్దవాళ్ళకీ చిన్నవాళ్ళకీ మధ్య ఉన్న గీత, ఇల్లున్న కుటుంబంలో పుట్టిన పిల్లకీ లేని కుటుంబంలో పుట్టిన పిల్లకీ మధ్య గీత అయిపోయింది. పిల్ల అక్కడ ఉండకపోయినా, ఆ ఇల్లు అద్దెకిచ్చుకున్నా పాత పన్నే. 2020లో గానీ దాన్ని బిగించలేదు. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇక్కడే. వయసు తేడా అనేది కాలం గడిస్తే పోతుంది, ఇవాళ కుర్రవాడు రేపు పెద్దవాడవుతాడు. వారసత్వంగా మారిన తేడా పోదు. బంగ్లాదేశ్ చూడండి, 1971 యుద్ధంలో పోరాడినవాళ్ళకి ప్రభుత్వ ఉద్యోగాల్లో 30 శాతం కోటా ఇచ్చారు, వాళ్ళ త్యాగం గొప్పది, ఎవరు కాదంటారు? తర్వాత వాళ్ళ పిల్లలకి, ఆ తర్వాత మనవలకి. 2018లో ఒకసారి తీసేశారు, 2024లో కోర్టు మళ్ళీ తెచ్చింది, ఉద్యోగాలు లేక చదువుకుని కూర్చున్న పిల్లలు రోడ్డెక్కారు, వందల మంది ప్రాణాలు పోయాయి. జూలై 21న సుప్రీం కోర్టు దాన్ని ఐదు శాతానికి తగ్గించింది, అప్పటికే ఆలస్యమైపోయింది, ఆగస్టు 5న ప్రధాని దేశం వదిలి వెళ్ళిపోయారు.

ఇంతసేపూ విని ముందు వరసల్లో ఉన్న పెద్దలు కొంతమంది మొహాలు చిన్నబుచ్చుకున్నట్టున్నారు. దయచేసి అలా అనుకోకండి. ఏరు దాటాక తెప్ప తగలేశారని మిమ్మల్ని అంటుంటారు కుర్రాళ్ళు. నేను ఒప్పుకోను. ఆ తెప్ప తగలెయ్యమని మీరు అడగలేదు. మీ తెప్ప జోలికి రాకపోతే మీరు మౌనంగా ఉంటారని ప్రభుత్వాలు లెక్కేశాయి, ఆ లెక్క తప్పలేదు. నేను అడిగేది ఆ మౌనం గురించే.

పైగా 62 ఏళ్ళ మనిషికి రూల్ మారిస్తే ఆయన ఏం చేస్తాడు? మళ్ళీ మొదట్నుంచి పొదుపు మొదలుపెట్టగలడా? పాతికేళ్ళవాడికి నలభై ఏళ్ళ టైముంది. కాబట్టి పెద్దవాళ్ళని కాపాడటంలో న్యాయం ఉంది. ఇంకొకటి, పెద్దతరం అంతా డబ్బున్నవాళ్ళు కాదు. ఏ పెన్షనూ లేకుండా డెబ్భై ఏళ్ళకి కూలికెళ్ళే ఆడవాళ్ళు ప్రపంచంలో ఎంతమంది? వాళ్ళని చూపించి, బాగా ఉన్న పెన్షనర్‌ని ముట్టుకోవద్దనడం ఒక తప్పు. బాగా ఉన్న పెన్షనర్‌ని చూపించి వాళ్ళకీ ఇవ్వద్దనడం ఇంకా పెద్ద తప్పు. నేపాల్‌లో 2025 సెప్టెంబర్లో జెన్ జీ పిల్లలు ప్రభుత్వాన్ని దింపేశారు కదా, ఆ తర్వాత మధ్యంతర ప్రధానిగా వాళ్ళు ఎవరి పేరు చెప్పారు? మాజీ చీఫ్ జస్టిస్ సుశీలా కార్కి, 73 ఏళ్ళావిడ. పిల్లలకి వయసుతో పేచీ లేదండీ. తమ గురించిన నిర్ణయం తాము లేకుండా జరగడంతో పేచీ.

మరి ఏం చెయ్యాలి అంటారు. చేసినవాళ్ళున్నారు, ఆ సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే దారి లేదనుకుంటే ఈ కోపం ఎటు పోతుందో మనం చూశాం.

స్వీడన్ 1990ల్లో పెన్షన్ మార్చింది. 1994లో ఐదు పార్టీలు ఒప్పుకున్నాయి, 1998లో చట్టం చేశారు. వాళ్ళు ఒక తేదీ దగ్గర గోడ కట్టలేదు. 1937 దాకా పుట్టినవాళ్ళు పాత పద్ధతిలో ఉంటారు. 1938లో పుట్టినవాళ్ళ పెన్షన్‌ని ఇరవై భాగాలు చేసి, నాలుగు భాగాలు కొత్త పద్ధతిలో, పదహారు పాత పద్ధతిలో లెక్కేశారు. 1939లో పుట్టినవాళ్ళకి ఐదు, పదిహేను. 1940కి ఆరు, పద్నాలుగు. అలా ఒక్కో ఏడాదికి ఒక్కో భాగం, 1954లో పుట్టినవాళ్ళకి మొత్తం కొత్తది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య తేడా ఇరవయ్యో వంతు. ఇంకా పెద్ద విషయం, పథకంలో లెక్క తప్పితే దానంతటదే సర్దుకునే ఏర్పాటు పెట్టారు. అది కుర్రవాళ్ళకే కాదు, అప్పటికే పెన్షన్ తీసుకుంటున్నవాళ్ళకి కూడా వర్తిస్తుంది. ఊరికే కాగితం మీద ఉందా? లేదు, 2010లో, 2011లో, 2014లో నిజంగా పనిచేసింది. పెన్షనర్ల మీద ఆ దెబ్బ పడకుండా ప్రభుత్వం పన్నులు కొంత తగ్గించిన మాట కూడా నిజమే, అక్కడా ఎన్నికలుంటాయి. అయినా ఏర్పాటుని పీకెయ్యలేదు. అడుగున ఉన్నవాళ్ళకి కనీస పెన్షన్ హామీ వేరే ఉంది.

దక్షిణ కొరియాలో ఇంకో ఆలోచన వచ్చింది. పెన్షన్‌కి కట్టే వాటా జీతంలో 9 శాతం నుంచి 13 శాతానికి పెంచాలి. 2024 సెప్టెంబర్లో ప్రభుత్వం ఏమంది, 50ల్లో ఉన్నవాళ్ళకి ఏటా ఒక శాతం చొప్పున త్వరగా పెంచుదాం, 20ల్లో ఉన్నవాళ్ళకి ఏటా పావు శాతం చొప్పున మెల్లగా పెంచుదాం, ఎందుకంటే 50ల్లో ఉన్నవాళ్ళు తక్కువ రేటు మీద చాలా ఏళ్ళు గడిపేశారు కదా అని. ఎంత సబబుగా ఉంది? అది నిలబడలేదు. 2025 మార్చిలో పాసైన చట్టంలో అందరికీ ఏటా అరశాతం. వినడానికి సమానంగానే ఉంది. కానీ 55 ఏళ్ళాయన పెంచిన రేటు కొన్నేళ్ళు కడతాడు, 25 ఏళ్ళ అమ్మాయి 13 శాతం ముప్ఫై ఏళ్ళకి పైగా కడుతుంది. ఆ సభలో కుర్ర ఎంపీలు పార్టీలకి అతీతంగా వ్యతిరేకించారు, సంఖ్య చాల్లేదు.

ఇక నాకు బాగా ధైర్యం ఇచ్చే సంగతి డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలది. 2007లో అక్కడ యూనియన్ ఒక ఒప్పందం మీద సంతకం పెట్టింది, కొత్తగా చేరేవాళ్ళకి జీతం దాదాపు సగం. పాతవాళ్ళకి గంటకి 28 డాలర్లుంటే కొత్తవాళ్ళకి 14 చిల్లర నుంచి మొదలు. పెన్షన్ కూడా లేదు. కంపెనీలు మునిగిపోతున్నాయి, ఉన్నవాళ్ళ ఉద్యోగాలు కాపాడుకోవాలి అని ఒప్పుకున్నారు. ఒకే లైన్లో, ఒకే కారుకి, ఇటు పక్క బోల్టు బిగించేవాడికీ అటు పక్క బోల్టు బిగించేవాడికీ సగానికి సగం తేడా. యూనియన్‌కి ఏమైంది? లోపలే చీలిపోయింది. కొత్తవాడు అడిగాడు, నా చందా తీసుకుంటారు, నన్ను అమ్మేశారు అని. ఆ మాటకి పాతవాడి దగ్గర జవాబు లేదు. అలా పదహారేళ్ళు. 2023 సెప్టెంబర్ 15న మూడు కంపెనీల మీదా ఒకేసారి సమ్మె మొదలైంది, డిమాండ్లలో పైనున్నవాటిలో ఒకటి ఈ రెండు అంతస్తుల జీతం తీసెయ్యాలని. ఎక్కువ జీతంవాళ్ళూ తక్కువ జీతంవాళ్ళూ ఒకే గేటు ముందు నిలబడ్డారు, ఆరు వారాలు. పూర్తి జీతానికి చేరడానికి ఎనిమిదేళ్ళు పట్టేది మూడేళ్ళకి దిగింది, కొన్ని ప్లాంట్లలో తక్కువ జీతం గ్రేడు మొత్తానికే పోయింది. 2007 తర్వాత చేరినవాళ్ళకి పాత పెన్షన్ మాత్రం తిరిగి రాలేదు, దాన్ని దాచను. కానీ ఆ గేటు ముందు నిలబడ్డ సీనియర్‌కి సొంతంగా కొత్త పెన్షన్ ఏమీ అక్కర్లేదు, ఆయనకి ఉంది. అయినా నిలబడ్డాడు.

ఇక్కడున్న పెద్దల్ని నేను అడిగేది అదే. మీ సంఘాలకి ఆఫీసులున్నాయి, లెటర్‌హెడ్‌లున్నాయి, మంత్రులు మీ ఫోన్ ఎత్తుతారు. ఈసారి ప్రభుత్వం మిమ్మల్ని పిలిచి, మీకేం కాదు, కొత్తగా చేరేవాళ్ళకే అన్నప్పుడు, సంతకం పెట్టకుండా ఒక్క కాగితం అడగండి. ఈ మార్పు వల్ల ఏ ఏడాది పుట్టినవాళ్ళు ఎంత కడతారు, ఎంత తీసుకుంటారు, ఏడాదికో వరస చొప్పున ఒక టేబుల్. పుట్టిన ఏడాది వారీగా. 1950 నుంచి నిన్న పుట్టిన పాప దాకా. ఇది పెద్ద కష్టమైన పని కాదు, లెక్కలు వేసే యాక్చువరీలు ప్రతి ప్రభుత్వం దగ్గరా ఉంటారు, వాళ్ళ దగ్గర ఈ అంకెలు ఉంటాయి కూడా. ఆ టేబుల్ బిల్లుకి జత చేసి సభలో పెట్టాలని చట్టం ఉండాలి. కుర్రాళ్ళూ, మీరు అదే టేబుల్ అడుగుతూ ఓటుకి వెళ్ళండి, ఎంత చిన్న ఎన్నికైనా సరే.

నేను అనుకున్న టైము అయిపోయింది. ఇక ప్రశ్నలు తీసుకుందాం. ఎడమవైపు మూడో వరసలో ఒకమ్మాయి చాలాసేపట్నుంచి చెయ్యెత్తి ఉంది, మైకు ముందు తనకివ్వండి.